సూది గుచ్చితే చదువు, వాత పెడితే మోటు: ఈ తేడా ఎక్కడ మొదలైంది?

కాస్త పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

పోయిన సంక్రాంతికి తండాకి వెళ్లినప్పుడు మా తమ్ముడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఒక పశువుల డాక్టరు కుంటుతున్న గుర్రానికి నడుము పొడుగునా సన్న సూదులు గుచ్చుతున్నాడు. ఆక్యుపంక్చర్ అన్నమాట. మా తాత ఆసాంతం చూసి, "మేం ఇనుము కాల్చి పెడితే మోటు వైద్యం అన్నారు. వీళ్లు సూది గుచ్చితే చదువా?" అన్నాడు. అందరం నవ్వాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆ చదువు ఎలా తయారైందో చదవడం మొదలుపెట్టా.

చైనాలో పశువులకి సూదుల వైద్యం పాతదే. అక్కడ సైన్యానికి గుర్రాలు ప్రాణం, అందుకే గుర్రాల వైద్యాన్ని రాజులే పోషించారు. 1608లో యూ ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ములు తమ అనుభవమంతా కూర్చి గుర్రాల వైద్యం మీద పెద్ద గ్రంథం రాశారు. తర్వాత ఎన్నో తరాలు దాన్నే చూసి నేర్చుకున్నాయి. వాళ్ల వైద్యంలో సన్న సూదులే కాదు, కాల్చిన సూదులూ ఉన్నాయి, ఇనుముతో కాల్చడమూ ఉంది. మన వాతలకి దూరం కాదు. అలాగని మనది అక్కడికి పోయిందనో, వాళ్లది ఇక్కడికి వచ్చిందనో చెప్పలేం.

1904లో చైనాలోనూ పాశ్చాత్య పద్ధతిలో పశువైద్య బడి మొదలైంది. ఊళ్లలో తిరిగే నాటు వైద్యుడి విలువ తగ్గింది. కానీ 1956లో అక్కడి ప్రభుత్వం నాటు పశువైద్యులని కలుపుకుపోవాలని ఆదేశం ఇచ్చింది. వాళ్ల విద్యని రాసుకున్నారు, కాలేజీ పాఠాల్లో పెట్టారు. 1970ల్లో అది అమెరికాకి చేరింది. పశువుల డాక్టర్లకి ఆక్యుపంక్చర్ నేర్పే అంతర్జాతీయ సంఘం 1974లో ఏర్పడింది. 1998లో ఫ్లోరిడాలో చైనా పద్ధతి పశువైద్యం నేర్పే ప్రత్యేక సంస్థ కూడా వచ్చింది. అక్కడ నేర్చుకోవాలంటే మామూలుగా పశువైద్య డిగ్రీ ఉండాలి, లేదా ఆ డిగ్రీ చదువుతూ ఉండాలి.

ఇప్పుడు మన వైపు చూద్దాం. గుంటూరు, ప్రకాశం అంటే బయటివాళ్లకి పత్తి, మిర్చి, ఒంగోలు గిత్త. ఒంగోలు జాతి బ్రెజిల్ దాకా పోయింది, అక్కడ నెల్లూరు పేరుతో కోట్ల సంఖ్యలో పెరిగింది. గిత్త పేరు చెప్పేటప్పుడు రైతుల పేరు వస్తుంది, లాం ఫారం, చదలవాడ ఫారం పేర్లు వస్తాయి. అందులో తప్పేం లేదు. కానీ పశువుతో బతికిన మనవాళ్ల పేరు రాదు.

లంబాడీలు వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన జాతి. 1791-92లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు అతని సైన్యానికి తిండిగింజలు అందించింది బంజారాల ఎద్దులే. ఉప్పు ఎరుకలవాళ్లు తీరం నుంచి లోపలి ఊళ్లకి ఉప్పు తీసుకెళ్లేవాళ్లు. నల్లమల అంచున చెంచులు ఆవుల్ని మేపారు. దారిలో ఎద్దు కుంటితే, కడుపు ఉబ్బితే, గిట్ట పగిలితే ఏ ఆసుపత్రికి పోతారు? దారి పక్క మొక్కే మందు. నల్లేరుతో విరిగిన కాలికి కట్టు కట్టారు. పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టారు.

తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. 19వ శతాబ్దం చివరికి రైలు వచ్చి ఎద్దుల మీది వ్యాపారాన్ని మింగేసింది. ఇక నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్లని సెటిల్‌మెంట్లలో పెట్టారు, స్టూవర్టుపురం 1913లో అలా పుట్టిందే. సంచారం ఆగితే సంచారంతో వచ్చే విద్య కూడా ఆగుతుంది.

సరిగ్గా ఆ కాలంలోనే పశువైద్యానికి బడులు వచ్చాయి. 1882లో లాహోరు, 1903లో మద్రాసు. మన ఆంధ్రలో పశువైద్య కళాశాల 1955లో మొదలైంది, అదే ఇప్పటి తిరుపతి కళాశాల. 1998లో గన్నవరం కళాశాల వచ్చింది. 1984లో భారత పశువైద్య మండలి చట్టం వచ్చాక రిజిస్టరైన డాక్టరే వైద్యం చేయాలన్నది నియమమైంది. డిప్లొమా ఉన్నవాళ్లకి డాక్టరు పర్యవేక్షణలో చిన్న చిన్న పనులకి మాత్రమే వీలు. చైనాలో 1956లో నాటు వైద్యుడిని లోపలికి పిలిచారు. మన దగ్గర అలాంటి పిలుపు రాలేదు.

ఇక్కడ నిజం కూడా మాట్లాడుకోవాలి. "పూర్వం మనకి అన్నీ తెలుసు" అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటాం. పశువుల పెద్దరోగం, డాక్టర్లు రిండర్‌పెస్ట్ అనేది, మందలకి మందల్నే తుడిచిపెట్టేది. దానికి వాతలు పనిచేయలేదు, ఆకులూ పనిచేయలేదు. టీకా సూదే దాన్ని ఆపింది. మన దేశంలో చివరి కేసు 1995లో వచ్చింది, 2011లో ప్రపంచం మొత్తం మీద పోయిందని ప్రకటించారు. గొంతువాపుకీ, జబ్బవాపుకీ ఈరోజుకీ టీకానే దిక్కు. వాత వల్ల పశువుకి నొప్పి, పుండు, తోలు పాడు. ఆపమని డాక్టర్లు చెప్పడం న్యాయమే. అయితే ఇంగ్లండులో డిగ్రీ ఉన్న డాక్టర్లే 20వ శతాబ్దం దాకా గుర్రాల కాళ్లకి ఇనుము కాల్చి పెట్టారు. వాళ్లని మోటు అనలేదు!

మరి ఆక్యుపంక్చర్ సంగతి? 2006లో బ్రిటన్ పరిశోధకులు పశువుల మీద జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి చూశారు. వాడమనడానికీ వద్దనడానికీ గట్టి ఆధారం లేదని తేల్చారు. అంటే దానికి క్లాసురూము దొరికింది పూర్తిగా రుజువైనందుకు కాదు. పుస్తకం ఉంది, నేర్పే గురువు ఉన్నాడు, వెనక ప్రభుత్వం నిలబడింది. మా తాత ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది.

మన దగ్గరా ఇప్పుడు గాలి కొంచెం మారింది. బెంగళూరులోని ట్రాన్స్ డిసిప్లినరీ యూనివర్సిటీ, జాతీయ పాడి అభివృద్ధి సంస్థ కలిసి పశువుల డాక్టర్లకే నాటు మందులు నేర్పిస్తున్నాయి. పొదుగువాపుకి కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు నూరి, పాలు పిండేసిన పొదుగుకి రోజులో చాలాసార్లు పూయడం అందులో ఒకటి. యాంటీబయాటిక్ వాడకం తగ్గించడం వాళ్ల ఉద్దేశం. ఇవన్నీ మన అవ్వల చేతిలో ఎప్పటినుంచో ఉన్న సరుకే. సంతోషించాలి. కానీ నాకు ఒక భయం కూడా ఉంది. అమెరికాలో సూది లోపలికి వెళ్లింది, డిగ్రీ లేని నాటు వైద్యుడు మాత్రం గేటు బయటే ఉన్నాడు. మన విషయంలోనూ ఆకు లోపలికి పోయి, అవ్వ బయట ఉండిపోతుందేమో?

అందుకే రెండు పనులు. మొదటిది రాయడం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య కమిటీ, స్థానికులతో మాట్లాడి రాసే ప్రజా రిజిస్టరు ఉండాలి. మీ ఊరి రిజిస్టరు ఉందా, అందులో మన మందు ఉందా, చెప్పినవాళ్ల పేరు ఉందా అని అడగండి. 2023 సవరణలో గ్రంథాల్లోకెక్కిన విద్య వాడుకునేవాళ్లకి లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. మనది నోటి విద్య కాబట్టి, ఇది మనదని చూపించే సాక్ష్యం మనకి ఇంకా ఎక్కువ అవసరం. అందుకే మందు వివరాలు ఎక్కడపడితే అక్కడ పోస్టు చేయకండి. ముందు పెద్దవాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే రాయండి.

రెండోది చదవడం. పశువైద్య కళాశాలల్లో ఎస్టీ సీట్లు ఉన్నాయి, పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఎంబీబీఎస్ రాకపోతే అంతా అయిపోయిందని కూర్చోకండి. ఒక చేత్తో టీకా, ఇంకో చేత్తో అవ్వ చెప్పిన మందు పట్టుకుని, ఏది పనిచేస్తుందో పరీక్షించి చెప్పగల డాక్టరు మనలోంచే రావాలి.

ఇంకో మాట. పత్తి, మిర్చి చేలల్లో గట్లు కూడా దున్నేశాం, మందులు కొట్టేశాం. నల్లేరు చూపించమని తాతని అడిగితే నన్ను పొలాల్లోంచి నడిపించి చివరికి గుట్ట దాకా తీసుకెళ్లాడు. ఆయనకి ఎనభై దాటాయి. ఆ రోజు నోటుబుక్కులో పదకొండు మొక్కలు రాసుకున్నా. పైన ఆయన పేరు రాశా. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లు ఉంటే ఈ సెలవుల్లోనే కూర్చోండి.