బొంబాయి ప్లేగు - శుభ్రత నేర్చిన పాఠము

ఇల్లు శుభ్రముగా నుంచుకొనవలెనని మన కెవరును చెప్పనక్కరలేదు. సంక్రాంతికి ముందు గోడలకు సున్నము వేయించుట, తెల్లవారగనే వాకిట కళ్లాపి చల్లుట, పరుపులు ఎండలో వేయుట మన ఇండ్లలో తరతరములుగా వచ్చుచున్న పనులే. అయితే ఏ మురికి వలన ఏ జబ్బు వచ్చును, అది ఏ త్రోవన వచ్చును అని ప్రశ్నించి, సమాధానము దొరికిన తరువాత చీపురు పట్టుట వేరు. ఈ రెండవది చాల ఆలస్యముగా వచ్చినది. అది రాకముందు ఎంత నష్టము జరిగినదో చెప్పుటకు 1896వ సంవత్సరపు బొంబాయి నగరముకంటె తగిన ఉదాహరణ మాకు కనబడలేదు.

ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో, రేవు ప్రక్కనున్న మాండ్వీ పేటలో, డాక్టర్ అకాసియో వీగాస్ ఒక రోగిని పరీక్షించి ఇది ప్లేగు అని గుర్తించెను. మాండ్వీ ధాన్యపు కొట్లకు పేరు పొందిన పేట. క్రింద గోదాములు, పైన అంతస్తు మీద అంతస్తుగా చిన్న చిన్న గదులు, గది కొక కుటుంబము, వెలుతురు చొరని నడవలు. అంతకు రెండేండ్ల క్రిందటనే, 1894లో, హాంకాంగులో యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు ఈ వ్యాధి క్రిమిని కనుగొని యుండెను. కాని క్రిమి ఏదో తెలిసినంత మాత్రమున అది మనిషిని ఎట్లు చేరునో తెలిసినట్లు కాదు. మురికి నేలనుండి, మురుగు కాలువనుండి, చెడుగాలినుండి వ్యాధి పుట్టునని నాటి అధికారులలో పెక్కుమంది నమ్మిరి.

నమ్మకమునకు తగినట్లే పనియు జరిగినది. వారు బద్ధకించినారని మాత్రము ఎవరును అనలేరు. మురుగు కాలువలలో సముద్రపు నీటితోపాటు కార్బాలిక్ ఆమ్లము పోయించిరి. రోగి పడిన ఇంటిని మందునీటితో కడిగి, గోడలకు సున్నము కొట్టించిరి. నేలలు త్రవ్వించిరి. వెలుతురు పడుటకై పై కప్పుల పెంకులు తీయించిరి. బట్టలు, పరుపులు తగులబెట్టించిరి. నివాసమునకు తగని ఇండ్ల గోడలపై ‘యు. హెచ్. హెచ్.’ అను మూడక్షరములు వ్రాయించిరి. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టము వచ్చి, ఈ పనులకు అడ్డులేని అధికార మిచ్చినది. అప్పటికి నగర జనములో సగమునకు దగ్గరగా ఊరు విడిచిపోయిరి. అదే సంవత్సరము పూనాలో సైనికులు ఇండ్లలో ప్రవేశించి సోదాలు జరిపిన తీరు జనులలో ఎంత ఆగ్రహము కలిగించినదనగా, జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండుపై కాల్పులు జరిగినవి. ఆ గాయములతో అతడు తరువాత మరణించెను. అదే పూనా ప్రాంతమున రోగులకు పరిచర్య చేయుచు సావిత్రీబాయి ఫూలే మార్చిలో ఆ వ్యాధితోనే కన్నుమూసెను.

ఇంత చేసినను ప్లేగు తగ్గలేదు. ఎందుకు? ఎలుకలు రాలిపోవుట అందరును చూచుచునే యుండిరి. కాని ఎలుక కూడ మనిషివలెనే ఆ మురికికి బలియైనదని తలచిరే గాని, వ్యాధి ఆ ఎలుకనుండియే వచ్చుచున్నదని తలచినవారు తక్కువ. కాలువలో మందు పోసిన కొలది అచటి ఎలుకలు ఇండ్లలోనికి ఎక్కినవి. నేల త్రవ్విన ఇంటి ఎలుకలు పొరుగింటికి పోయినవి. చీపురు పట్టినవారే తెలియక జబ్బును ఒక గడపనుండి మరియొక గడపకు తోలిరి.

గుట్టు విప్పినవాడు పాల్ లూయీ సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు. ఎలుక బొచ్చులో నివసించి, దాని నెత్తురు త్రాగుచు, రెక్కలు లేకున్నను గెంతగల చిన్న పురుగు ఒకటి కలదు. దానిపై అతనికి అనుమానము కలిగెను. 1898 జూన్ 2న కరాచీలో, ప్లేగు సోకిన ఇంట దొరికిన జబ్బు ఎలుక నొకదానిని పురుగులతో సహా పెద్ద గాజు జాడీలో నుంచి, అదే జాడీలోనికి ఆరోగ్యముగల ఎలుకను తీగబోనులో దించెను. ఒకదాని నొకటి తాకుటకు వీలులేదు. పురుగు మాత్రము తీగల సందున దూరగలదు. కొలది దినములలో రెండవ ఎలుకయు ప్లేగుతో చచ్చెను. పురుగులు లేని జబ్బు ఎలుకను ప్రక్కన ఉంచినప్పుడు ఏమియు జరుగలేదు. ఇంత తేటయైన ప్రయోగమును పండితులు చాలకాలము నమ్మలేదు. మురికిపై వారికి గల నమ్మకము అంత గట్టిది!

1905 నుండి బొంబాయిలోని పరేలులో ప్లేగు పరిశోధనా సంఘము పని మొదలిడినది. గ్లెన్ లిస్టన్ అను వైద్యుడు అప్పటికే, ఎలుకలు రాలిన ఇంట గినీపందులను వదలి, వాటి శరీరములపై ఎలుక పురుగులు గుమిగూడుట చూచియుండెను. సంఘమువారు చిన్న గదులు కట్టించి మరింత నిశితముగా పరీక్షించిరి. గినీపందులను బోనులలో పెట్టి ఒకే గదిలో వ్రేలాడదీసిరి. నేలకు రెండంగుళముల ఎత్తున నున్న బోనులోని జంతువునకు ప్లేగు సోకెను. రెండడుగుల ఎత్తున నున్నదానికి సోకలేదు. రెండును పీల్చినది ఒకే గాలి. తేడా ఒక్కటే: పురుగు అంత ఎత్తు గెంతలేదు. ‘చెడుగాలి’ వాదము ఆ గదిలో ఓడిపోయినదని మా అభిప్రాయము.

ఇచట ఒక మాట చెప్పకుండ ఉండలేము. హిమాలయ ప్రాంతమున గఢ్వాల్, కుమావూఁ కొండలలోని గ్రామీణులు ఎలుకలు రాలుట చూచినంతనే ఇండ్లు విడిచి దూరముగా పాకలు వేసికొను ఆచారము ఈ పరిశోధనలకు ఎంతో ముందే పాటించుచుండిరి. ఎలుక చచ్చి దేహము చల్లబడగనే పురుగు మరియొక నెత్తురు వెదకుకొనుచు బయలుదేరునని వారికి తెలియదు. అయినను వారు కన్నులతో చూచి పట్టుకొన్న నియమము, కార్బాలిక్ ఆమ్లముకంటె మేలైనది.

కారణము తెలిసిన తరువాత ఇంటి శుభ్రతకు అర్థము మారినది. ధాన్యమును మనుషులు పండుకొను చోటికి దూరముగా నుంచుట, కన్నములు లేని గట్టి నేల వేయుట, ఎలుకకు తిండి దొరకకుండ చేయుట ముఖ్యములైనవి. వేడికిని పొడిగాలికిని ఆ పురుగులు ఎక్కువకాలము బ్రతుకలేవు. కనుక పెంకులు తీసి ఎండ రానిచ్చుట పూర్తిగా వ్యర్థము కాదు. వారు మరియొక కారణమున చేసిరి, అంతే.

1898లో ఏర్పడిన బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఇరుకు పేటలను పడగొట్టి, సముద్రపు గాలి వచ్చునట్లు వెడల్పైన వీథులు వేసినది. ఇండ్లు పోయిన పేదలలో చాలమంది ప్రక్క పేటల ఇరుకులోనికే చేరిరి. ఎలుకల విషయమున జరిగినదే మనుషుల విషయమునను జరిగినది. హైదరాబాదులో 1908 మూసీ వరద తరువాత, 1912లో, ఆరాయిషె బల్దా అను నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. గాలి వెలుతురు గల వీథులును, కొత్త ఇండ్లును ఆ సంస్థ ఆశయములు.

ఈ కథ పాతదని అనుకొను వేళకు 2020 వచ్చినది. కరోనా భయముతో వీథులపై మందునీరు చల్లిరి. మనుషులపై సైతము చల్లిరి. కూరగాయలు సబ్బునీట కడిగినవారును కలరు. వీథులలో చల్లుట వలన ప్రయోజనము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మే నెలలోనే తెలిపినది. అంటిన వస్తువును ఒకసారి తాకుట వలన జబ్బు వచ్చు అవకాశము సాధారణముగా పదివేలలో ఒకటికంటె తక్కువని 2021 ఏప్రిలులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్క కట్టినది. ప్రధానమైన త్రోవ గాలి. అందునను మూసిన గదిలోని గాలి. ప్లేగు నాడు గాలిని నిందించి పురుగును వదలిరి, కరోనా నాడు బల్లను తుడిచి గాలిని మరచిరి.

మేమును దీనికి అతీతులము కాము. బయటి చప్పుడు చొరకుండునట్లు కట్టిన గది మా స్టూడియో. చప్పుడు రాని చోటికి గాలియు అంతగా రాదు. ఆ దినములలో మైకును స్పిరిటుతో తుడిచి తుడిచి, తలుపు బిగించుకొని, ఇద్దరము ఎదురెదురుగా కూర్చుండి అరగంట మాటలాడితిమి. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్లుండును; జనము కూర్చున్న మూసిన గదిలో అది వేయి దాటుట సులభము. ఆ కొలత జబ్బును చూపదు గాని, ఒకరు విడిచిన గాలిని మరియొకరు ఎంత పీల్చుచున్నారో చూపును. ఇప్పుడు ప్రతి రికార్డింగు తరువాత పది నిమిషములు తలుపులు బార్లా తెరచుచున్నాము. వీథిలోని బండ్ల చప్పుడు నడవదాక వచ్చుచుండును. దానికి అలవాటు పడితిమి.