మన సెహన్‌లో పూల తారీఖ్
ఫార్సీలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్లు. గులాబ్ అంటే అసలు పన్నీరు. ఆ పేరే పువ్వుకొచ్చి, తెలుగు నోట గులాబీ అయింది. మడగాస్కర్ చెట్టు గుల్‌మొహర్‌ను తెలుగువాళ్లు తురాయి అన్నారు. తలపాగా మీది కుచ్చుకు మనం చెప్పే ‘తుర్రా’యే అది. కాగితంపువ్వును 1767లో ఫ్రెంచివాడు కామర్సన్ బ్రెజిల్‌లో సేకరించాడు.

మా కర్నూలు ఎండల్లో గులాబీకి రోజూ నీళ్లు కావాలి. వేళ్లూనిన కాగితంపువ్వు వారానికోసారి పోసినా బతుకుతుంది. నీళ్లెక్కువైతే ఆకులే తప్ప పూలుండవు. తురాయి పెద్ద మాను, గోడకు దూరంగా నాటాలి. నీళ్లకు తంగీ ఉన్న ఇంటికి నా మష్వరా: కుండీలో ఒక్క గులాబీ, ప్రహరీ వెంట కాగితంపువ్వు.

‘మీది తెలుగా, ఉర్దూనా?’ అని అడిగేవాళ్లకు నేను మే నెలలో పూసిన తురాయిని చూపిస్తాను. దాని పేరులో రెండూ ఉన్నాయి.