కట్టుడు పళ్ళు: సెట్టు చేతికిచ్చాక

కట్టుడు పళ్ళ చరిత్ర పేరిట మనకు సాధారణంగా చెప్పేది పదార్థాల చరిత్ర. ఏనుగు దంతం, నీటిగుర్రం దంతం, పందొమ్మిదో శతాబ్ది నడుమ వచ్చిన గట్టి రబ్బరు, 1937 ప్రాంతంలో అక్రిలిక్, 1965లో స్వీడన్‌లో బ్రానెమార్క్ తొలి రోగి దవడలో బిగించిన టైటానియం మరలు (ఇంప్లాంట్లు). వస్తువు మెరుగుపడిన కొద్దీ నోరు సుఖపడుతూ వచ్చిందన్నది ఈ కథ సారం. అబద్ధం కాదు గానీ, సగం కథే. సెట్టు చేతికిచ్చిన రోజుతో అది ముగిసిపోతుంది. పెట్టుకున్న మనిషి కష్టం మొదలయ్యేదే ఆ రోజున.

మొదటి వారం నోరు ఆ సెట్టును తిండిపదార్థమనుకుని లాలాజలం ఊరుస్తుంది. అంగిలి మూసుకుపోవడంతో చారు ఎంత వేడిగా ఉందో, ముద్దలో చేప ముల్లు ఉందో లేదో సరిగా తెలియదు. మన వ్యాకర్తలు త, ద, న లకు దంత్యాలని ఊరికే పేరు పెట్టలేదు. నాలుక కొన ఆనే చోటు వెంట్రుకవాసి మారినా మాట నత్తి పడుతుంది. కింది సెట్టు బాధ ఇంకా ఎక్కువ: ఆనుకునే చోటు తక్కువ, పక్కనే కదిలే నాలుక. అందుకే మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, ఆపైన ఏటేటా చూపించుకోమంటారు. ఒరుసుకుని పుండు పడిన చోట కాస్త అరగదీస్తే పోయే బాధకు సెట్టునే డబ్బాలో పడేసేవాళ్ళు తక్కువేమీ కాదు. ‘నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే అలవాటవుతుంది’ అన్న మాట ఇక్కడే దెబ్బతింటుంది. అలవాటుపడేది నాలుకా, కండరాలూ. ఎముక అలవాటుపడదు, అరుగుతుంది. 1972లో టాల్‌గ్రెన్ ప్రచురించిన పాతికేళ్ళ పరిశీలనలో ఆ అరుగుదల ఆగలేదు, పైగా కింది దవడలో పైదవడకు దాదాపు నాలుగింతలుగా కనిపించింది. ఇవాళ సరిగ్గా అమరిన సెట్టు కొన్నేళ్ళకు వదులవడం చేసినవాడి తప్పు కానక్కర్లేదు. మళ్ళీ చూపించుకోవడం మర్యాద కోసం పెట్టిన ఆనవాయితీ కాదు, వైద్యంలో సగం.

విశాఖలో ఆ సగం ఎవరికి అందింది? 1923లో వైద్య కళాశాల, దాని వెంట కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్), 1933లో రేవు, ఆ తర్వాత నౌకా నిర్మాణ కేంద్రం, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం: ఇవన్నీ తెలిసినవే. దంతవైద్యానికి సంబంధించి పట్టించుకోవలసిన మలుపు 1948 నాటి దంతవైద్యుల చట్టం. పట్టా లేకపోయినా కనీసం ఐదేళ్ళుగా ఆ పనితోనే బతుకుతున్నవారిని అది ‘బి’ భాగంలో నమోదు చేసుకోనిచ్చింది. బజారులో పళ్ళు కట్టేవారిని చరిత్రకారులు నకిలీలని కొట్టిపారేస్తారు. వారి పనితనాన్ని నేనూ వెనకేసుకురాను. కానీ ఒకే వీధిలో కూర్చునేవాడి దగ్గరికి పుండు పడిన మర్నాడే వెళ్ళవచ్చన్నది కాదనలేం. పరిశ్రమలు వచ్చాక ఆ దగ్గరతనం మరో రూపంలో కొందరికి దక్కింది. సాలగ్రామపురంలో రేవు ఆసుపత్రి, ఉక్కునగరంలో కర్మాగారం ఆసుపత్రి ఉద్యోగి క్వార్టర్సుకు దగ్గర్లోనే ఉంటాయి. పాడేరు నుంచో శ్రీకాకుళం నుంచో కేజీహెచ్‌కు వచ్చేవారికి ఒక్కో రాకా వంద కిలోమీటర్ల పైబడిన ప్రయాణం, ఒక రోజు కూలి.

అయినా ఉత్తరాంధ్ర పల్లెజనం మళ్ళీ చూపించుకోరనడానికి అవగాహన లేకపోవడాన్నే కారణంగా చూపడం రివాజైంది. దీనికి గట్టి సమాధానం ఈ ప్రాంతంలోనే ఉంది, అదీ పళ్ళ చరిత్రలో కాదు, పొగ చరిత్రలో. ఈ తీరంలో ఆడవాళ్ళు చుట్ట నిప్పును నోట్లోపల ఉంచి తాగే అడ్డపొగకూ, అంగిలి కేన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు ప్రచురించిన అధ్యయనం ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది అంగిళ్ళను పరీక్షించింది. ఆ తర్వాత శ్రీకాకుళం జిల్లాతో పాటు కేరళ, గుజరాత్ పల్లెల్లో 36 వేల పైచిలుకు పొగాకు వాడకందార్లను ఐదేళ్ళపాటు ఏటా పరీక్షించిన పరిశోధన 1986లో వెలువడింది. చదువు లేదని మనం తీసిపారేసే మనుషులే ఏడాదికోసారి మళ్ళీ నోరు తెరిచారు. తేడా ఒక్కటే: నడిచింది రోగి కాదు, వైద్యుడు. దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. అది పరిశోధన, నిధులున్నాయి, ఆసుపత్రి అలా చేయలేదు అన్నది ఒకటి. ఒప్పుకుంటాను, అయితే అప్పుడు అడ్డంకి ఖర్చని చెప్పాలి, అజ్ఞానమని కాదు. పొగాకు పరీక్షలో నొప్పి లేదు, సెట్టులో ఉంది, రెంటినీ పోల్చలేం అన్నది రెండోది. నొప్పి ఉన్నవాడు మరింత త్వరగా రావాలి కదా. రాలేదంటే దారే దూరమన్నమాట. ఈ ఆధారం కట్టుడు పళ్ళ గురించి నేరుగా చెప్పదన్న మాట మాత్రం నిజమే. మనస్తత్వం గురించి మనం కట్టుకున్న కథను అది కూల్చుతుంది, అంతవరకే.

ఇప్పటి పరిస్థితి బాగుపడిందని అనలేను. విశాఖ శివార్లలో దంతవైద్య కళాశాలలు వచ్చాయి, తక్కువ ఖర్చుతో సెట్లు కడుతున్నారు, అది మేలే. కానీ దంతవైద్య విద్యలో లెక్కకు వచ్చేది విద్యార్థి పూర్తిచేసిన సెట్ల సంఖ్య. ఆర్నెల్లకు ఆ సెట్టు నోట్లో ఉందా, అటక మీద ఉందా అన్నదానికి మార్కుల్లేవు. ఉచిత శిబిరాలదీ అదే తీరు: పంపిణీ రోజున ఫొటో, సవరణ రోజున ఎవరూ ఉండరు. ఇంప్లాంట్లతో ఈ బెడద తీరిందనే ప్రకటనలు మరీ విడ్డూరం. మర చుట్టూ చిగురు వాచి ఎముక కరిగితే మొదట్లో నొప్పి ఉండదు. అంటే చూపించుకోవలసిన అవసరం తగ్గలేదు, గుర్తుచేసే పుండు మాత్రం పోయింది. అడ్డపొగ అలవాటున్న ముసలమ్మకు పైసెట్టు కట్టినప్పుడు మరో చిక్కుంది. ఏ అంగిలి కోసం పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగారో ఆ అంగిలే ఇప్పుడు గులాబిరంగు అక్రిలిక్ కింద ఉంటుంది. సెట్టు తీయించి, టార్చి వేసి అక్కడ తెల్లమచ్చ ఉందేమో చూడవలసిన రాకను ఆమె బస్సు ఛార్జీకే వదిలేశాం.