సీసపు బిళ్ళ మీద ప్రార్థన



1453 వరకు నిలిచిన తూర్పు రోమా సామ్రాజ్యం పేరుకు క్రైస్తవ రాజ్యం. దాని రాజధాని కాన్‌స్టాంటినోపుల్, అంటే నేటి ఇస్తాంబుల్. అక్కడి అధికారులు తమ ఉత్తరాలకు సీసంతో ముద్ర వేసేవారు. నాణెమంత సీసపు బిళ్ళ లోపల సన్నని కాలువ ఉంటుంది. ఉత్తరం కట్టిన దారం అందులోంచి పోనిచ్చి, అక్షరాలు చెక్కిన ఇనుప పటకారు మధ్య బిళ్ళను పెట్టి సుత్తితో కొట్టేవారు. రెండు వైపులా అచ్చు పడేది, దారం లోపల బిగుసుకునేది. ఇక దారం తెంచకుండా ఉత్తరం విప్పలేరు.

ఆ ఉత్తరాలు దాదాపు అన్నీ నశించాయి, సీసం మిగిలింది. వాషింగ్టన్‌లోని డంబర్టన్ ఓక్స్ అనే ఒక్క సంస్థలోనే సుమారు 17,000 ముద్రలున్నాయి.

వాటిలో సుంకరుల ముద్రలూ ఉన్నాయి. 8, 9 శతాబ్దాల్లో రాష్ట్రాల్లో పన్ను వసూలు చేసే అధికారిని డియోయికేటిస్ అనేవారు. అతని ముద్రకు ఒకవైపు తరచుగా సిలువ ఆకారంలో అల్లిన అక్షరాలు కనిపిస్తాయి. వాటి భావం: "ప్రభువా, నీ దాసునికి సహాయము చేయుము." కొన్నిటి మీద ఇదే మనవి దేవుని తల్లియైన మరియకు చేసినది. రెండో వైపు అతని పేరు, హోదా, ఏ రాష్ట్రపు సుంకరియో ఉంటుంది.

ప్రియులారా, ఇక్కడే నా మనసు ఆగింది. 802 నుండి 811 వరకు ఏలిన మొదటి నికెఫోరస్ చక్రవర్తి, సింహాసనం ఎక్కకముందు ఖజానా అధికారి. అనాథ శరణాలయాల, సత్రాల, ఆలయాల భూముల్లో బ్రతికే రైతుల మీద కూడా అతడు పొయ్యి పన్ను వేశాడని ఆ కాలపు సన్యాసి థియోఫనీస్ తన చరిత్రలో వాపోయాడు. అలాంటి పన్ను వసూలు చేసే చేతుల్లోనే ఈ ప్రార్థన ముద్ర ఉండేది!

పన్ను వసూలు పాపం కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను ఉద్యోగం మానమనలేదు, నిర్ణయించిన దానికంటె ఎక్కువ తీసుకోవద్దన్నాడు. ఆ సుంకరుల్లో యోహాను మాట ప్రకారం నడిచినవారెవరో, నడవనివారెవరో సీసం చెప్పదు. దేవునికి తెలుసు.

2 తిమోతి 2:19 తెరిచి చూడండి. దేవుని పునాది మీద ఉన్న ముద్రలోనూ రెండు మాటలున్నాయి. తనవారెవరో ప్రభువుకు తెలుసన్నది మొదటిది. ఆయన నామం ఒప్పుకొనేవారు దుర్నీతిని విడిచిపెట్టాలన్నది రెండోది. మొదటి మాట మనకిష్టం, రెండోదాన్ని తిప్పి చూడం.

మన గుమ్మం మీద సిలువ ఉంది, బండి మీద యేసు నామం ఉంది. మరి మన ప్రామిసరీ నోటు మీద వడ్డీ ఎంత రాశాం? కూలి డబ్బులు సాయంత్రానికి ఇచ్చామా? కానుకల పుస్తకంలో సంతకం చేసే నన్ను కూడా ఈ ప్రశ్న వదలదు.

ప్రభువా, నీ నామము ధరించిన మా చేతులను శుద్ధిచేయుము. ఆమేన్.