వీసా రకం తెలిశాకే కువైట్‌ ప్రయాణం

కడప: ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచి ఉపాధి కోసం కువైట్‌ వెళ్లేవారిలో చాలామంది ‘వీసా వచ్చింది’ అన్న కబురు అందగానే అప్పు కోసం బయలుదేరుతారు. వచ్చినది ఏ వీసా అన్న ప్రశ్న విమానం దిగిన తర్వాతే ఎదురవుతుంది. కువైట్‌లో నివాస అనుమతిని, అనగా అకామాను, నిబంధనల్లోని ఆర్టికల్‌ అంకెను బట్టి గుర్తిస్తారు. ఏ పని చేయవచ్చు, యజమానిని మార్చుకునే వీలుందా, కష్టం వస్తే ఏ చట్టం వర్తిస్తుంది అన్నవన్నీ ఆ అంకెపైనే ఆధారపడి ఉంటాయి.

ఇళ్లలో పనిచేసేవారికి ఇచ్చేది ఆర్టికల్‌ 20. జిల్లాలో దీనిని ఖాదిం వీసాగా వ్యవహరిస్తారు. వంటమనిషి, ఆయా, ఇంటి డ్రైవరు ఈ కోవలోకి వస్తారు. వీరికి 2015 నాటి 68వ నంబరు చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు. వారానికి ఒక రోజు విశ్రాంతి, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు ఇవ్వాలి. పనిమనిషి అనుమతి లేకుండా పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదు. అయితే పని జరిగేది నాలుగు గోడల మధ్య కావడంతో చట్టం అమలు చాలావరకు యజమాని మంచితనాన్ని బట్టే ఉంటుంది. ఈ వీసాపై వెళ్లినవారు కఫీల్‌ ఇంట తప్ప మరోచోట పనిచేయడం నేరం.

సంస్థలు, దుకాణాలు, హోటళ్లలో పనికి ఇచ్చేది ఆర్టికల్‌ 18, వాడుకలో షూన్‌ వీసా. దీనికి 2010 నాటి కార్మిక చట్టం వర్తిస్తుంది. పని గంటలు రోజుకు 8, వారానికి 48. ఈ వీసాపై ఉన్నవారు దేశం విడిచి వెళ్లాలంటే యజమాని అనుమతి తప్పనిసరి చేస్తూ 2025 జులై 1 నుంచి కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది.

‘ముందు ఖాదింపై వెళ్లండి, అక్కడ షూన్‌కు మార్పిస్తాం’ అన్నది ఏజెంట్లు తరచూ చెప్పే మాట. 20 నుంచి 18కి మారేందుకు 2024 జులై, సెప్టెంబరు నెలల మధ్య సుమారు రెండు నెలలు ప్రత్యేక అవకాశం ఇచ్చారు. అది ఎప్పుడూ తెరిచి ఉండే ద్వారం కాదు.

ఇక ఎక్కువ ధర పలికే ‘ఆజాద్‌ వీసా’ అసలు చట్టంలోనే లేదు. కఫీల్‌కు సొమ్ము చెల్లించి అతని పేరున అకామా పొంది, బయట దొరికిన పని చేసుకోవడానికే ఆ పేరు. అకామా రెన్యువల్‌కు మళ్లీ సొమ్ము ఇవ్వాలి. కఫీల్‌ ‘పారిపోయాడు’ అని ఫిర్యాదు చేస్తే కార్మికుడు ఖల్లివల్లి అవుతాడు. అలాంటివారు జరిమానా కట్టకుండా స్వదేశం చేరేందుకు 2024 మార్చి నుంచి జూన్‌ వరకు క్షమాభిక్ష ప్రకటించారు. 2025 జనవరి 5న అమల్లోకి వచ్చిన నివాస చట్టం వీసాల అమ్మకాన్ని జైలు శిక్షకు అర్హమైన నేరంగా పేర్కొంది.

ఆర్టికల్‌ 22 కుటుంబ సభ్యులకు ఉద్దేశించినది. విజిట్‌ వీసా చూసి రావడానికే తప్ప పనికి కాదు. నష్టం ఎక్కువగా జరిగేది కూడా ఇక్కడే. పదో తరగతి ఉత్తీర్ణత లేనివారి ఈసీఆర్‌ పాస్‌పోర్టుపై కువైట్‌ సహా 18 దేశాలకు ఉపాధికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్‌ క్లియరెన్స్‌ అవసరం. విజిట్‌ వీసాకు అది అక్కర్లేదు. ఏజెంట్లకు ఇదే అడ్డదారి. క్లియరెన్స్‌తో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో మరణిస్తే రూ.10 లక్షల బీమా ఉంటుంది. అడ్డదారిన వెళ్లినవారి కుటుంబానికి ఆ బీమా ఉండదు.

ఈసీఆర్‌ పాస్‌పోర్టు గల మహిళలకు 30 ఏళ్లు నిండితేనే ఇంటిపనికి అనుమతి లభిస్తుంది. వీరు ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. రాష్ట్రంలో ఓంక్యాప్‌ ఆ బాధ్యత చూస్తోంది. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్‌ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్నవారు సైతం సేవా రుసుముగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయరాదు, రసీదు ఇవ్వాలి. సొమ్ము చేతికిచ్చే ముందు వీసా ప్రతి తీసుకుని అందులోని ఆర్టికల్‌ అంకె, వృత్తి, కఫీల్‌ పేరు అరబ్బీ తెలిసినవారితో చదివించుకోవాలి.