గిరి గీసిన అప్పు

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఆరో సెక్షన్‌లో ఒక చిన్న మాట ఉంది. అప్పిచ్చినవాళ్ళకు దొరక్కుండా మొహం చాటేసిన మనిషి దివాలా తీసినట్టే లెక్క అని దాని సారాంశం. ఆస్తి వేరేవాళ్ళ పేర పెట్టేయడం, ఊరొదిలి పోవడం లాంటి పనుల వరసలోనే దీన్నీ చేర్చారు. తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నా చాలు. ఇది చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యం నన్ను ఇంకా వదల్లేదు. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకల్లోనైనా ఈ కథ ఒకే తీరున మొదలవుతుంది: ‘ముందు మనిషి కనబడటం మానేశాడు, తర్వాత ఐపీ పెట్టాడని తెలిసింది.’ ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, దివాలా అర్జీ. ఊరు సిగ్గు అనుకున్నదాన్ని చట్టం సాక్ష్యంగా రాసుకుంది.

బాకీ వసూలుకి సిగ్గును వాడుకోవచ్చని కనిపెట్టినవాళ్ళు ఎవరో గానీ, ఆ విద్య చాలా పాతది. 13వ శతాబ్దం చివర్లో మన తూర్పు తీరానికి వచ్చిన మార్కో పోలో తమిళ తీరపు ఆచారం ఒకటి రాశాడు. వాయిదాల మీద వాయిదాలు చెబుతున్న బాకీదారు ఎదురుపడితే, అప్పిచ్చినవాడు అతని చుట్టూ నేల మీద గిరి గీస్తాడు. బాకీ తీర్చాలి, లేదా హామీ చూపించాలి. అంతవరకూ దాన్ని దాటకూడదు, దాటితే మరణశిక్ష. ఒక పరదేశి వర్తకుడు సాక్షాత్తూ రాజు గుర్రం చుట్టూ గిరి గీస్తే, బాకీ ముట్టేదాకా రాజు కదల్లేదట. ఇది తన కళ్ళారా చూశానంటాడు పోలో. ఆ తర్వాత మన మోటుపల్లి గురించీ, ఆ సీమను ఏలిన రాణి గురించీ చెబుతాడు. రాజుకి మరణశిక్ష వేసేవాడెవడు? ఆయన్ని ఆపింది చుట్టూ నిలబడి చూస్తున్న జనం.

ధర్నా దీనికి తిరగేసిన తమ్ముడు. ఇక్కడ కదలనివాడు అప్పిచ్చినవాడు. బాకీదారు గుమ్మం ముందు అన్నం నీళ్ళు మాని కూర్చుంటాడు. వాడికేమైనా అయితే పాపం ఇంటివాళ్ళకు. 1860 నాటి శిక్షాస్మృతి 508వ సెక్షన్‌లో దైవాగ్రహం పేరుతో బెదిరించడాన్ని నేరం చేస్తూ ఇచ్చిన మొదటి ఉదాహరణే ఇది: ఒకడు ఇంకొకడి గుమ్మంలో ధర్నా కూర్చోవడం. గిరికైనా ధర్నాకైనా చూసే వీధి ఉండాలి. ఎవరూ చూడని చోట రెండూ పనిచేయవు.

ఇక శ్రీనాథుడి దగ్గర ఆగకుండా ముందుకు వెళ్ళడం నావల్ల కాదు. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారి, ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నవాడు, రాజమహేంద్రవరంలో వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చినవాడు. 15వ శతాబ్దం నడిమికల్లా ఆ రెడ్డి రాజ్యాలు కూలిపోయాయి. చాటుపద్యం చెప్పే కథ ప్రకారం, ముసలితనంలో ఆయన కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లె గుత్తకు తీసుకుని సేద్యం చేయించాడు. పంటను వరద పట్టుకుపోయింది, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలపాలయ్యాయి. కట్టాల్సింది ఏడు వందల టంకాలు.

అప్పుడు ఆయన్ని చీకటికొట్లో వేయలేదు. వీధిలో నిలబెట్టారు. మెడకు ఎర్రటెండలో పొగడదండ, భుజం మీద కోట వాకిట ఉండే నల్లగుండు, కాళ్ళకు సంకెళ్ళు, ముంజేతికి వెదురుగొడియ. ఈ పద్యాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ముందు కనబడేది దాని కట్టుబడి. ఒక్కో శిక్షకూ ఎదురుగా తన బిరుదొకటి నిలబెట్టాడు. మెడ కవిరాజుది, భుజం కవిసార్వభౌముడిది, పాదాలు నైషధకర్తవి, ముంజేయి వీరభద్రారెడ్డి విద్వాంసుడిది. నలుగురిలో అవమానం మనిషిని మొత్తంగా ఒక్కసారి పడగొట్టదని, ఒక్కొక్క పేరే ఒలుచుకుంటూ పోతుందని ఆయనకు తెలుసు. శిక్షల్ని కూడా చుట్టాల భాషలోనే చెప్పాడు: ఒకటి కౌగిలించుకుందంటాడు, ఒకటి వియ్యమందిందంటాడు. నల్లగుండు మోస్తున్నవాడికి మిగిలిన ఒకే ఒక్క ఆస్తి పద్యం. దాన్ని మాత్రం ఎవరూ జప్తు చేయలేకపోయారు. గుండు ఎత్తించిన అధికారి పేరు ఈ రోజు ఎవరి నోటా లేదు.

ఆయన తప్పేమిటి? వరద, పిట్టలు. ఉప్పుటేరు ఎగదన్ని చెరువు గట్టు తెగిన రైతుకీ, 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్‌తో చెరువంతా పోగొట్టుకున్న రొయ్యల రైతుకీ ఉన్న తప్పు కూడా అదే.

తర్వాతి నాలుగు వందల ఏళ్ళనూ ఒక్క అంగలో దాటేస్తాను, ఎందుకంటే అవతలి ఒడ్డున అదే రాయి ఉంది. 1855లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద వేసిన కమిషన్ నివేదిక ఇచ్చింది. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టడం, వంగోబెట్టి వీపున రాయి పెట్టడం, చేతివేళ్ళను చెక్కల మధ్య నొక్కడం అన్నీ అందులో ఉన్నాయి. రెడ్లు పోయారు, గజపతులు పోయారు, కంపెనీ వచ్చింది. రాయి మాత్రం రైతు వీపు దిగలేదు.

ఆ తర్వాత సిగ్గు కాగితాల్లోకి మారింది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ఇల్లో పొలమో జప్తు చేస్తే అక్కడే టముకు వేసి చాటాలి. అదే కోడ్ అరవయ్యో సెక్షన్ కట్టుబట్టలు, వంటపాత్రలు, రైతు పనిముట్లు, పశువులు, ఆడవాళ్ళు ఆచారరీత్యా తీయకూడని నగలు జప్తు చేయకూడదంటుంది. అంటే తాళి జోలికి పోకూడదు. పొద్దుగూకాక అరెస్టు కోసం ఇంట్లోకి వెళ్ళకూడదు. డబ్బు బాకీకి ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదు. టముకు వేయించిన చట్టమే ఎక్కడ ఆగాలో కూడా చెప్పింది.

ఐపీ ఈ దారిలోనే వచ్చింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దాని కేంద్రమైంది. అప్పటికి ఐదేళ్ళ ముందే వచ్చిన దివాలా చట్టం ఐదొందల రూపాయల అప్పున్నవాడు కూడా కోర్టుకెక్కవచ్చంది. ఆ అంకె నేటికీ మారలేదు. ఉన్నదంతా కోర్టుకి అప్పగించి, అప్పులన్నీ ఒప్పుకుంటే, అరెస్టు నుంచి రక్షణ, చివరికి విడుదల ఉత్తర్వు దొరుకుతాయి. బతుకు మళ్ళీ మొదలుపెట్టడానికి ఇచ్చిన అవకాశమది. అయితే దివాలాదారు పేరూ చిరునామా గెజెట్‌లో అచ్చవుతాయి. విడుదల కానివాడు ఎమ్మెల్యేగా పనికిరాడని రాజ్యాంగం 191వ అధికరణం చెబుతుంది. విడుదలైతే ఆ అనర్హత పోతుంది. పెళ్ళి సంబంధాల దగ్గర మాత్రం పోదు. ‘వాళ్ళ తాత ఐపీ పెట్టినోడండీ’ అన్న మాట మనవరాలి పెళ్ళిచూపుల దాకా వస్తుంది.

పాత రోజుల్లో పెద్దమనుషులు నలుగురినీ కూర్చోబెట్టి, రూపాయికి పావలానో అర్ధో ఇప్పించి, ప్రోనోట్లు అందరి ముందూ చింపించేవారు. కులబలం ఉన్నవాడికి ఒక తీర్పు, లేనివాడికి ఒక తీర్పుగా ఉండేది, అది మళ్ళీ రావాలని నేననను. కానీ ఆ చింపడం పోయింది, అది నిజంగా నష్టం. గిరికి కూడా బయటికొచ్చే దారి ఉండేది. ఇప్పుడు సిగ్గు మొదలయ్యే రోజు ఉంది, ముగిసే రోజు లేదు.

ఆ ముగింపు లేని బాకీ కొల్లేటిలోనూ కనబడుతుంది. అక్కడ 1999లో ఐదో కాంటూరు లోపలిదంతా అభయారణ్యమైంది, 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. గట్టు తెగినంత మాత్రాన మేత కొట్టువాడి ఖాతా తెగదు. అదే 2006లో, అప్పట్లో కైకలూరు కూడా కలిసి ఉన్న కృష్ణా జిల్లాలో మైక్రోఫైనాన్స్ శాఖలు యాభై దాకా మూయించారు. ఆ అప్పుల వసూలు తీరు, ఒక్కరు కట్టకపోతే అప్పు తీసుకున్న గ్రూపు ఆడవాళ్ళంతా ఆ ఇంటి ముందు కూర్చోవడం, అదే ధర్నా. 2010 అక్టోబరులో వచ్చిన మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్సు వాయిదాలు పంచాయతీ కార్యాలయంలోనో, కలెక్టరు చూపిన బహిరంగ స్థలంలోనో మాత్రమే కట్టించుకోవాలని చెప్పి, వసూలును గుమ్మం దింపింది. పదేళ్ళు తిరిగేసరికి లోన్ యాప్‌లు ఫోన్‌లోని పేర్లన్నిటికీ సందేశాలు పంపి మళ్ళీ గుమ్మం ఎక్కాయి. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు వసూలుదారులు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని, నలుగురిలో అవమానించకూడదని ఆదేశించింది.

ఐపీ కాగితంలో అప్పిచ్చినవాళ్ళ జాబితా ఒకటి జతచేయాలి. చేబదులు ఇచ్చిన బావమరిది, ధాన్యం అరువు పోసిన కౌలు రైతు, పింఛను డబ్బు వడ్డీకిచ్చిన టీచరుగారు అందులోనే ఉంటారు. తమ వాటా రావాలంటే వాళ్ళు కోర్టులో బాకీ రుజువు చేసుకోవాలి. ఇంట్లో చెప్పకుండా ఇచ్చిన డబ్బు గురించి, నూటికి మూడు వడ్డీ గురించి, అక్కడ అందరి ముందూ చెప్పాల్సి రావచ్చు. మోసపోయింది తామే అయినా, ఆ గుమ్మం ఎక్కడానికి వాళ్ళకీ సిగ్గే అడ్డొస్తుంది.