హోండా నిష్క్రమణ, పునరాగమనం
జపాన్‌కు చెందిన హోండా 1967 సీజన్ తర్వాత గ్రాండ్ ప్రి మోటార్‌సైకిల్ పందేల నుంచి తప్పుకుంది. సిలిండర్ల సంఖ్యపై వచ్చిన కొత్త పరిమితులు అందుకు ఒక కారణం. 1979లో ఎన్‌ఆర్‌500తో తిరిగొచ్చేసరికి 500 సీసీ తరగతిని సుజుకి, యమహాల టూ-స్ట్రోక్ బైకులు ఏలుతున్నాయి. హోండా మాత్రం ఫోర్-స్ట్రోక్‌నే పట్టుకుని కూర్చుంది. నాలుగు సిలిండర్లకు మించకూడదన్న నిబంధన దాటకుండా పిస్టన్లను కోలగా మలిచి, ఒక్కో సిలిండర్‌కు ఎనిమిది వాల్వులు, రెండేసి కనెక్టింగ్ రాడ్లు అమర్చింది. చూడముచ్చటైన ఇంజనీరింగే, కానీ పందేనికి పనికిరాలేదు. సిల్వర్‌స్టోన్‌లో తొలి పందెంలోనే, ఇంజన్ నుంచి కారిన నూనె మీద జారి హోండా రైడర్ మిక్ గ్రాంట్ మొదటి మలుపులో పడిపోయాడు. ఎన్‌ఆర్‌500 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్క పాయింటూ తేలేదు. చివరికి హోండా పంతం వీడి, 1982లో మూడు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఎన్‌ఎస్‌500ను దించింది. మరుసటి ఏడాదే ఫ్రెడ్డీ స్పెన్సర్ దానిపై టైటిల్ గెలిచాడు.